వేల కోట్ల మిగులు లాభాలు.. గల్లాపెట్టెలో నగదెంత?

అమెరికాకు చెందిన గొలుసు దుకాణాల సంస్థ బెడ్ బాత్ అండ్ బియాండ్ 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. అంతకు ఏడాది ముందు, 2022 ఫిబ్రవరి నాటి బ్యాలెన్స్ షీట్‌లో దాని రిటైన్డ్ ఎర్నింగ్స్ (పంచకుండా నిలుపుకున్న లాభాలు) 900 కోట్ల డాలర్లకు పైమాటే. అదే రోజున చేతిలో ఉన్న నగదు సుమారు 44 కోట్ల డాలర్లు. మిగతాది ఎవరూ ఎత్తుకుపోలేదు. ఏళ్ల తరబడి సొంత షేర్లను తిరిగి కొనడానికి కంపెనీయే 1,100 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించింది. ఆ మొత్తం కూడా అదే ఈక్విటీ (వాటాదారుల సొమ్ము) పట్టికలో మైనస్ గుర్తుతో కనిపిస్తూనే ఉంది. చాలామంది ఇన్వెస్టర్ల చూపు అక్కడిదాకా వెళ్లదు, అంతే.

కంపెనీ పుట్టిన నాటి నుంచి వచ్చిన నికర లాభాల్లోంచి నష్టాలు, డివిడెండ్లు తీసేస్తే మిగిలేదే రిటైన్డ్ ఎర్నింగ్స్. వ్యాపారంలోకి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో అది చెబుతుంది. ఇప్పుడు ఏ రూపంలో ఉందో తెలియాలంటే ఆస్తుల వైపు చూడాల్సిందే. రిటైల్‌లో అది ఎక్కువగా గోడౌన్లలో, షెల్ఫుల్లో ఉన్న సరుకుగానో, కొత్త స్టోర్ల ఫిట్టింగులుగానో మారిపోయి ఉంటుంది.

అసలు ఆ అంకెను కంపెనీల మధ్య నేరుగా పోల్చడమే తప్పు. 2024 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో, ఇంటి మరమ్మతు సామగ్రి అమ్మే అమెరికా సంస్థ హోమ్ డిపో రిటైన్డ్ ఎర్నింగ్స్ 8,300 కోట్ల డాలర్లు దాటాయి. దాని ప్రత్యర్థి లోస్ పట్టికలో అదే చోట 1,500 కోట్ల డాలర్లకు పైగా లోటు ఉంది. లోస్ నష్టాల్లో లేదు, ఏటా వందల కోట్ల డాలర్ల లాభం ఆర్జిస్తోంది. రెండూ భారీగా బైబ్యాక్‌లు (సొంత షేర్లను తిరిగి కొనడం) చేశాయి. హోమ్ డిపో ఆ ఖర్చును ట్రెజరీ షేర్ల (కొని, రద్దు చేయకుండా ఉంచుకున్న షేర్లు) పేరుతో వేరే వరుసలో చూపుతుంది. లోస్ కొన్న షేర్లను రద్దు చేసి, ఆ భారాన్ని చాలామటుకు రిటైన్డ్ ఎర్నింగ్స్ మీదే వేస్తుంది. అంకె తగ్గడమూ చెడు సూచన కానక్కర్లేదు. 2024 జనవరిలో అమెరికా రిటైల్ సంస్థ కాస్ట్‌కో షేరుకు 15 డాలర్ల ప్రత్యేక డివిడెండ్ ఇచ్చింది. ఆ ఏడాది 700 కోట్ల డాలర్లకు పైగా లాభం వచ్చినా రిటైన్డ్ ఎర్నింగ్స్ తగ్గాయి.

అందుకే మొదట చేయాల్సింది లెక్క సరిచూసుకోవడం. ప్రారంభ నిల్వకు ఏడాది నికర లాభం కలిపి, డివిడెండ్లు తీసేస్తే ముగింపు నిల్వ రావాలి. రాకపోతే ఈక్విటీ మార్పుల పట్టిక తెరవండి. తేడాకు కారణం రద్దయిన షేర్లు కావచ్చు, బోనస్ షేర్ల కోసం మూలధనంలోకి మళ్లించిన సొమ్ము కావచ్చు, అకౌంటింగ్ విధానం మారడం కావచ్చు. పాత ఏడాది తప్పును ఇప్పుడు దిద్దారని తేలితే మాత్రం లెక్కల వెంట ఇచ్చే ఆ వివరణ నోటును రెండుసార్లు చదవాలి.

ఆ తర్వాతే అసలు ప్రశ్న: నిలుపుకున్న సొమ్ము ఎంత సంపాదించింది? ఒక కంపెనీకి ఐదేళ్లలో 900 కోట్ల నికర లాభం వచ్చిందనుకుందాం. 300 కోట్లు డివిడెండ్లు, బైబ్యాక్‌లకు పోగా 600 కోట్లు వ్యాపారంలో ఉంచింది. ఈ వ్యవధిలో పన్ను పోగా నిర్వహణ లాభం (వడ్డీ తీయకముందు వచ్చేది) 150 కోట్ల నుంచి 222 కోట్లకు పెరిగింది. పెరిగిన 72 కోట్లను 600తో భాగిస్తే 12 శాతం. చూడ్డానికి బాగానే ఉంది.

కానీ ఈ లెక్కలో రెండు చిల్లులున్నాయి. కొత్త పెట్టుబడి లేకున్నా, ధరల పెరుగుదలతోనే పాత స్టోర్ల లాభం ఏటా 3 శాతం పెరిగేదనుకుంటే 150 కోట్లు దాదాపు 174 కోట్లయ్యేది. ఆ 24 కోట్లను కొత్త పెట్టుబడి ఖాతాలో వేయకూడదు. మిగిలిన 48 కోట్ల మీద రాబడి 8 శాతమే. ఇక ఇదే కాలంలో నికర అప్పు 400 కోట్లు పెరిగి ఉంటే పెట్టుబడి 600 కాదు, 1,000 కోట్లు. అప్పుడు రాబడి 4.8 శాతానికి పడిపోతుంది. ఇలాంటి కంపెనీ కొత్త స్టోర్లు తెరవడం ఆపి, సొమ్ము వాటాదారులకు పంచేయడమే మేలు. యాజమాన్యాలు ఆ మాట సాధారణంగా ఒప్పుకోవు, స్టోర్ల సంఖ్య పెరగడమే ఎదుగుదల అనుకుంటాయి.

లాభం నిజమైనదేనా అన్నది సరుకు దగ్గర బయటపడుతుంది. సరుకు నిల్వను అమ్మిన సరుకు వ్యయంతో భాగించి 365తో గుణిస్తే ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉందో తెలుస్తుంది. అది 80 రోజుల నుంచి 95కు పెరిగి, అమ్మకాలు మాత్రం కదలకపోతే అనుమానించాలి. అమ్ముడుపోని సరుకు విలువ తగ్గించనంత కాలం కొన్న ధరకే ఆస్తిగా నిలుస్తుంది, లాభం చెక్కుచెదరదు. చివరికి డిస్కౌంట్లకు తెగనమ్మిన ఏడాది, ఆ నష్టం రిటైన్డ్ ఎర్నింగ్స్‌ను కోసేస్తుంది. పోలిక మాత్రం నిరుటి అదే త్రైమాసికంతోనే చేయాలి. పండుగ సీజన్‌కు ముందు నిల్వ పెరగడం మామూలే.

అద్దెల సంగతి ఇంకాస్త చిక్కు. 2019 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 16 ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, లీజు ఒప్పందాలన్నీ బ్యాలెన్స్ షీట్‌లోకి రావాలి. అద్దె స్థానంలో తరుగుదల, వడ్డీ చేరతాయి. లీజు తొలి ఏళ్లలో వడ్డీ ఎక్కువ కాబట్టి ఆ రెండూ కలిసి అసలు అద్దెను మించుతాయి. వేగంగా స్టోర్లు తెరిచే సంస్థ లాభం అందుకే ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అమెరికా ప్రమాణాల్లో స్టోర్ల మామూలు లీజులకు అద్దె ఖర్చు ఏటా సమానంగానే పడుతుంది. రెండు పద్ధతుల కంపెనీలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మరిచిపోకూడదు. నోట్స్‌లో లీజు చెల్లింపుల గడువుల పట్టిక ఉంటుంది. వచ్చే ఏడాది కట్టాల్సిన లీజు మొత్తాన్ని, అద్దెలు తీసేయక ముందు నిర్వహణ నుంచి వచ్చిన నగదుతో పోల్చండి. సగానికి మించి అద్దెలకే పోతుంటే రిటైన్డ్ ఎర్నింగ్స్ ఎంతున్నా డివిడెండ్‌కు భరోసా తక్కువే.