ఐ7 అని గట్టిగా చెప్తారు, ఏ తరమో మాత్రం చెప్పరు

ఇప్పుడే మా పిన్ని కొడుకు కొత్త కంప్యూటర్ విప్పి చూశాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి కోపంతో. రెండేళ్లు పైసా పైసా కూడబెట్టుకుని కొనుక్కున్నాడు వాడు. "ఐ7 గేమింగ్ పీసీ" అని అంటగట్టారు. "అన్నా, ఐ7 కదా, మరి గేమ్ తెరుచుకోకుండానే ఎందుకు మూసుకుపోతోంది?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఐ7 అంటే ఇంటెల్ ప్రాసెసర్ల వరస పేరు, అందులో పాతవీ కొత్తవీ ఎన్నో తరాలు. వీడికి అంటగట్టింది ఐ7-2600. 2011లో వచ్చింది. ఆ రోజుల్లో మంచి ప్రాసెసరే, కాదనను. కానీ ఇప్పటి కొన్ని గేములకు ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్టు ప్రాసెసర్‌లో లేకపోతే కుదరదు, ఇంటెల్‌లో అది 2013 నాటి నాలుగో తరంతో కానీ రాలేదు. విండోస్ 11 అయితే అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఐ7 కంటే కింది వరస అయిన ఐ3లో, 2022 నాటి ఐ3-12100 కూడా దీన్ని సులువుగా దాటిపోతుంది, ఆ సంగతి అమ్మినవాడికి తెలియదా? తెలుసు, తెలిసే తరం సంఖ్య మింగేశాడు.

ర్యామ్ చూస్తే 8 జీబీ స్టిక్ ఒక్కటి, పక్క స్లాటు ఖాళీ. 4 జీబీవి రెండు పెట్టినా డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపుతూ నడిచేది కదా! ఇక ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, అదైతే చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా ఉంది. 500 వాట్లని పెద్ద స్టిక్కరు, 12 వోల్టుల లైనులో ఎన్ని ఆంపియర్లో రాయాల్సిన చోట ఏమీ లేదు. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ బతికేది ఆ లైను మీదే. ముందువైపు మాత్రం నాలుగు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు. ఆ లైట్లకు పెట్టిన డబ్బు లోపల పెట్టి ఉంటే పిల్లాడు ఈపాటికి ఆడుకుంటూ ఉండేవాడు.

గ్రాఫిక్స్ కార్డు చూశాక నా పాత మంట మళ్లీ రాజుకుంది. ఎన్విడియా వాళ్ల జీటీ 1030, అదీ డీడీఆర్4 అనే నెమ్మది రకం మెమరీది. 2017లో ఈ పేరుతో వచ్చిన కార్డులో ఉన్నది జీడీడీఆర్5 అనే వేగమైన మెమరీ, దాని వేగం సెకనుకు 48 జీబీ, మరుసటి ఏడాది అదే పేరుతో వదిలిన దీనికి 16.8. మూడో వంతు! పేరు మార్చడానికి ఏం అడ్డొచ్చింది? అంతకుముందు 2016లో జీటీఎక్స్ 1060తోనూ ఇదే చేశారు, 3 జీబీదీ 6 జీబీదీ మెమరీలోనే తేడా అనుకుని జనం కొన్నారు, కానీ 3 జీబీదానిలో లెక్కలు చేసే కోర్లు కూడా 1280 నుంచి 1152కి తగ్గించేశారు. డబ్బున్నవాడు ఎలాగూ పెద్ద కార్డే కొంటాడు, ఈ పేర్ల గారడీకి బలయ్యేది ఎప్పుడూ తక్కువ బడ్జెట్‌వాడే. పదేళ్లుగా ఇదే చూస్తున్నాను, ఒళ్లు మండిపోతోంది.

బిల్లు అడిగితే తెచ్చి చూపించాడు. "గేమింగ్ పీసీ – 1" అని ఒకే లైను, కింద మొత్తం. ఏ భాగానికీ మోడల్ నంబరు లేదు, వారంటీ మాటే లేదు. రేపు వాడితో పాటు నేనూ వెళ్తున్నాను. ప్రతి భాగం పేరు, మోడల్ నంబరు ఆ బిల్లు మీద రాసిచ్చేదాకా, లేదా డబ్బు తిరిగిచ్చేదాకా అక్కడి నుంచి కదలను.