పళ్ల డాక్టరుకు పొగతో పనేంటి?

తిరుపతిలో పొగరాయుళ్లకు ఇన్నాళ్లూ అలిపిరి ఒక్కటే అడ్డం. కొండ మీదికి సిగరెట్లు, బీడీలు పోకూడదు కాబట్టి తనిఖీలో జేబులు తడుముతారు, దొరికింది లాక్కుంటారు. అయినా మర్యాదస్తులు. జేబు వరకే చూస్తారు, నోరు తెరవమనరు. ఇప్పుడు ఊళ్లో పళ్ల డాక్టర్లు ఆ హద్దు కూడా దాటేశారు.

పోయిన నెల గార తీయించుకుందామని బైరాగిపట్టెడలో ఒక క్లినిక్కుకు పోయాను. కుర్చీ వెనక్కి వాల్చి, మొహాన లైటు వేసి, నోట్లో అద్దం పెట్టాక ఆ డాక్టరమ్మ అడిగింది: "రోజుకు ఎన్ని తాగుతారు సార్?" వేరే డాక్టరైతే "ఎప్పుడో ఒకటి" అని తప్పించుకోవచ్చు. బీపీ మిషన్‌కు సిగరెట్లు లెక్కపెట్టడం రాదు. ఇక్కడేమో సాక్ష్యమంతా కింది పళ్ల వెనక కాఫీరంగులో పేరుకుని ఉంది, ముద్దాయి నోట్లో గొట్టం ఉంది. నాలుగు వేళ్లు చూపించాను. ఆమె అలాగే చూస్తూ నిలబడింది. రెండో చెయ్యి కూడా ఎత్తాను.

పుక్కిలించాక నా ఘనత చెప్పుకున్నాను. "కానీ నా చిగుళ్లలో చుక్క రక్తం రాదమ్మా." మా ఆవిడకు బ్రష్షు తగిలితే చాలు రక్తమొస్తుంది, నాకు రాదు; ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఇదే నా బ్రహ్మాస్త్రం. ఆ పిల్ల ఒక్క మాటతో విరిచేసింది. నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుందట, లోపల చిగురు చెడిపోతున్నా రక్తం బయటపడదట. ఆవిడ చిగుళ్లు కేకలేస్తున్నాయి, నావి గొంతు నొక్కేస్తే ఊరుకున్నాయి. ఈ సంగతి ఇంట్లో చెప్పాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

ఇదంతా ఆ పిల్ల దుడుకుతనం అనుకున్నాను. కాదు. దంతవైద్య కళాశాలల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు పెట్టాలని 2018లోనే డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పిందట. అంటే కుట్ర ఢిల్లీ స్థాయిది! నలుగురిలో పొగ తాగితే 200 రూపాయల జరిమానా అన్నది 2008 నుంచీ ఉంది, దానివల్ల మా బంకు దగ్గర ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ వేశారు. మేం పెట్టె కొంటేగా? విడిగా ఒక్కోటి కొంటాం, బొమ్మ చూసి భయపడాల్సింది బంకాయనే.

"మానడానికో తేదీ పెట్టుకోండి సార్" అంది. ఆషాఢం పోనీమన్నాను. శ్రావణంలో పెళ్లిళ్ల టెన్షన్, కార్తీకంలో చలి అని కూడా ముందే చెప్పి పెట్టాను. ఆమె వాదించలేదు. కదులుతున్న దవడపన్ను పీకడానికి గురువారం రమ్మంది. పీకిన గుంటలో గడ్డకట్టిన రక్తం పొగ పీల్చే ఊపుకు ఊడొచ్చిందంటే ఆ నొప్పికి చుక్కలు కనిపిస్తాయట. అట్లా తేదీ తనే పెట్టేసింది.

ఆ తర్వాత వాడమని నికోటిన్ గమ్ కూడా రాసిచ్చింది. కాసేపు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలట. ఆకూవక్క వేసిన తాత మనవడికి బుగ్గన పెట్టడం నేర్పుతుందా! మనసు లాగితే 1800-11-2356కు ఫోన్ చెయ్యమంది. డబ్బు పడదట, ఆ నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉంటుందట.

ఈ దౌర్జన్యాన్ని ఖండిస్తూ బుధవారం రాత్రి లీలామహల్ సర్కిల్లో నలుగురం కలుస్తున్నాం. ఆ రోజు మాత్రం పెట్టె కొంటాను, ఆ నంబరు నిజంగా ఉందో లేదో చూడాలిగా.