హంతకుడికి 2.75

కత్తి పట్టుకుని ఒకడు వెంటపడుతుంటే, వీధి తలుపు వదిలేసి ఆ పిల్ల మేడమెట్లు ఎందుకెక్కింది? నలభై ఏళ్లకు పైగా మానవజాతిని పీడిస్తున్న ఈ ప్రశ్నకి ఈమధ్య ఒక రేటింగు మహాశయుడు జవాబైతే చెప్పలేదు గానీ శిక్ష ఖరారు చేశాడు. పావు మార్కు కోత. సినిమా 1980ల మొదట్లో వచ్చిన ఒకానొక స్లాషర్, అంటే హంతకుడొకడు ఒక్కొక్కరినీ వేటాడి నరికే బాపతు. మిగతా పద్దులన్నీ కూడితే అయిదుకి మూడు తేలిందట. మేడమెట్ల దగ్గర కాలుజారి 2.75కి పడింది.

పావు! అర కాదు, ముప్పావు కాదు, పావు. ఏ తూకంరాళ్లతో తూచాడో మహానుభావుడు. మేడ మీదకి వెళ్తే పావైతే, నేలమాళిగలోకి దిగితే ఎంత? అటకెక్కితే? స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంటే ఏమైనా రాయితీ ఉందా? ఆ ఇంటికి పద్నాలుగు మెట్లున్నాయనుకుందాం. మెట్టుకి 0.018 చొప్పున పడుతుంది. మరి ఏడో మెట్టు మీద తూలి కిందిదాకా దొర్లి మళ్లీ ఎక్కిన పిల్లకి, రెండోసారి ఎక్కిన మెట్ల మీద కూడా వసూలు చేస్తారా, లేక మొదటిదాంట్లో సర్దుబాటు చేస్తారా? ఈ ధర్మసందేహాలు తీర్చే నాథుడు లేడు. ప్రాణభయంతో పరిగెత్తే మనిషి నింపాదిగా ఆలోచించి దారి ఎంచుకోవాలని తీర్పు చెప్పిన ఈ పెద్దమనిషి, మెడ మీద బల్లి పడితే ఏ దిక్కుకి గెంతుతాడో నాకు చూడాలనుంది.

వీళ్లని మీరూ ఎరుగుదురు. ఎనభై అయిదు నిమిషాల సినిమాని ఒకటిన్నర వేగంతో, ఒక కన్ను ఫోన్ మీద వేసి చూసి, 'ఫస్టాఫ్ లాగ్' అని రాసే బాపతు. ఎక్కడ లాగ్ అయ్యిందయ్యా అంటే, మొదటి అరగంటలో ఒక్కరే చచ్చారట. పాత్రల్లో ఎవరో ఒకరు కాస్త పెద్దమనసు చేసుకుని ముందే పోయి ఉంటే ఇంకో అర మార్కు రాలేదన్నమాట. 'కథ ఊహించేలా ఉంది' అనేది వీళ్ల ఇంకో పేటెంటు వాక్యం. వేసవి శిబిరం, చుట్టూ అడవి, ఎప్పుడో జరిగిన ఘోరం, ఒళ్లు తెలియని కుర్రకారు, ఒక గొడ్డలి. ఇంత సరంజామా పోస్టరు మీదే అచ్చేసి పెడితే, లోపల ఇంకేం జరుగుతుందనుకున్నావు నాయనా? పొదుపు ఉద్యమమా?

వీళ్ల చేతిలో అందరికంటే ఎక్కువ మార్కులు పోగొట్టుకునేవాడు నడిచే హంతకుడు. ఆ సన్నివేశం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. పిల్ల పరిగెడుతుంది. వాడు నడుస్తాడు. పిల్ల కంచె దూకుతుంది. వాడు నడుస్తాడు. పిల్ల అడవిని అడ్డంగా చీల్చుకుంటూ పోయి, వేరు తట్టుకుని పడి, చీలమండ పట్టుకుని ఏడ్చి, లేచి, కుంటుకుంటూ కారు చేరుతుంది. వాడు ఇంకా నడుస్తూనే ఉంటాడు, భోంచేశాక నాలుగడుగులు వేస్తున్నట్టు. పిల్ల తాళంచెవుల గుత్తి తీస్తుంది. కారుకి కావలసింది ఒక్కటి, గుత్తిలో మాత్రం ఒక జైలుకి సరిపడా ఉంటాయి. సరైనది ఎప్పుడూ ఆఖరిదే. అదీ చేజారి సీటు కింద పడుతుంది. వెతికి పెట్టి తిప్పితే బండి దగ్గుతుంది, మూలుగుతుంది, ప్రాణం వదులుతుంది. పొద్దున కుర్రాళ్లంతా పాటలు పాడుకుంటూ వచ్చింది ఈ బండిలోనే! అద్దంలో చూస్తే వెనకసీట్లో వాడు. వెనకసీట్లో! తలుపెప్పుడు తీశాడు, చప్పుడెందుకు రాలేదు, సీటుబెల్టు పెట్టుకున్నాడా లేదా అని మన మహాశయుడు బొమ్మ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి, నోట్సు రాసుకుంటాడు. అయిదు నిమిషాల దృశ్యాన్ని ముప్పావుగంట చూసి, కింద తీర్పు రాస్తాడు: 'ఉత్కంఠ కరువైంది.'

వాడు ఎందుకు నడుస్తాడో నేను చెబుతాను. 1978 నాటి హాలోవీన్ అనే సినిమాలో హంతకుడిగా ముసుగు తొడుక్కుని ఆ నడక నడిచిన నిక్ క్యాసిల్‌కి రోజుకి ముట్టింది 25 డాలర్లు. పాతికకి నడకే వస్తుంది. పరుగు కావాలంటే అదనం, ఆ సినిమాకి మొత్తం కలిపి ఉన్నదే సుమారు 3.25 లక్షల డాలర్లు. ఆ ముసుగు ఖరీదు రెండు డాలర్ల లోపు. స్టార్ ట్రెక్ కెప్టెన్ విలియం షాట్నర్ ముఖంతో అమ్మే తొడుగు ఒకటి కొని, కనుబొమలు పీకి, కళ్ల కన్నాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు. దీని మీద ఒకాయన 'హంతకుడి ముఖంలో భావాలు పలకలేదు' అని చింతించాడు. ముసుగుకి నటన మార్కులు!

కథ జరిగేది ఇలినాయ్‌లో, అక్టోబరు నెలాఖరున. తీసింది కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. చెట్లన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. అందుకని ఆకులకి రంగులేసి, వీధిలో చల్లి, షాటు అయ్యాక ఏరి, బస్తాలకెత్తి, తర్వాతి వీధిలో మళ్లీ చల్లారు. ఆకులేరే మనుషుల్లో నటీనటులు కూడా ఉన్నారు. ఇది చూసి మనవాళ్లు పట్టుకున్నదేమిటంటే, 'వెనకాల పామ్ చెట్లు కనిపిస్తున్నాయి, ఇలినాయ్‌లో అవి పెరగవు.' అవునయ్యా, కనిపిస్తున్నాయి. చెట్లని బస్తాకెత్తడం కుదరలేదు. సంగీతానికి వేరే మనిషిని పెట్టుకునే స్తోమత లేక దర్శకుడు జాన్ కార్పెంటరే మూడు రోజుల్లో బాణీలు కట్టుకున్నాడు. సంగీతం లేకుండా చూసినవాళ్లకి భయం వేయని సినిమా, ఆ పియానో పడ్డాక ప్రపంచాన్ని గడగడలాడించింది. దాన్ని ఫోన్ స్పీకరులో విని, 'బీజీఎం రిపీట్ కొట్టింది' అని కొట్టిపారేసినవాడి చెవులకి ఒక దండం.

అదే సినిమాలో జేమీ లీ కర్టిస్ పాత్ర హంతకుణ్ణి పడగొట్టి, కత్తి అక్కడే పారేస్తుంది. ఒకసారి కాదు, రెండుసార్లు! ఆ చోట నాకూ 'తీసుకోవే తల్లీ' అని అరవాలనిపిస్తుంది. ఆ అరుపు నా నోట్లోంచి లాగడానికే కదా ఆ కత్తిని అక్కడ పడేసింది. లాగాక కూడా మార్కు కోస్తే ఎలా?

మైకు సంగతి మరీ అన్యాయం. పాత కేసెట్టు నుంచి ఎక్కించిన కాపీ చూసి, 'ఫ్రేములో మైకు వేలాడుతోంది, డైరెక్టరుకి కళ్లు లేవా?' అని నిలదీస్తారు. ఆ రోజుల్లో చాలా సినిమాలకి కెమెరా పట్టే బొమ్మ థియేటర్లో చూపించే బొమ్మకంటే పొడుగు. ప్రొజెక్టరు దగ్గర రేకు అడ్డం పెట్టి పైనా కిందా కత్తిరించి, ఎత్తుకి 1.85 రెట్ల వెడల్పుతో చూపించేవారు. మైకు ఆ కోసేసే భాగంలో హాయిగా దాక్కునేది. తర్వాత వీడియో కేసెట్లు వచ్చాయి. చదరపు టీవీ నిండాలని ఆ అడ్డు తీసేశారు, మైకు బట్టబయలైంది. పాపం కేసెట్టు చేసినవాడిది, శాపం డైరెక్టరుకి. 'చీకట్లో ఏమీ కనబడలేదు' అన్న ఫిర్యాదులోనూ సగం ఇదే కథ, దాని జోలికి పోను.

'రక్తం సరిపోలేదు' అనే గుంపు వేరే ఉంది. 1981 నాటి మై బ్లడీ వాలెంటైన్‌కి అమెరికాలో పెద్దలకి మాత్రమే అనే ఎక్స్ ముద్ర పడకుండా ఉండాలని ఎడాపెడా కోసేశారు (అక్కడ కూడా రేటింగే, ఏం ఖర్మో). ఆ ముక్కల్లో కొన్ని మళ్లీ అతుక్కుని బయటికొచ్చింది 2009లో. బ్రిటన్‌లో అయితే పోలీసులు వీడియో షాపుల మీద పడి కేసెట్లు ఎత్తుకుపోయారు. జనం చెడిపోతారని 72 సినిమాల పేర్లు జాబితాకెక్కాయి, 1984లో ఏకంగా చట్టమే చేశారు. ఆ జాబితాలో ద బర్నింగ్ ఒకటి. ఒక ప్రభుత్వానికి చెమటలు పట్టించిన సినిమా చూసి మనవాడు రాసిందేమిటి? 'మధ్యలో రెండుసార్లు నిద్రపట్టింది.' అదే నిద్ర అప్పట్లో ఆ పార్లమెంటు సభ్యులకి పట్టి ఉంటే అందరికీ శ్రమ తప్పేది.

ఈ వంశానికి మూలపురుషుడు లేకపోలేదు. 1980లో ఫ్రైడే ది థర్టీన్త్ వచ్చినప్పుడు షికాగో విమర్శకుడు జీన్ సిస్కెల్ కోపం పట్టలేక, ఎవరూ చూడకూడదని హంతకుడెవరో సమీక్షలోనే చెప్పేశాడు. అదీ చాలక, అందులో నటించిన బెట్సీ పామర్‌కి ఛీకొడుతూ ఉత్తరాలు రాయండని పాఠకులని ఉసిగొల్పాడు. (హంతకుడెవరో నేను చెప్పలేదు. మీరు ఊహించేసుకుంటే నా పూచీ లేదు.) జనం ఆగారా? దాదాపు 5.5 లక్షల డాలర్లతో తీసిన సినిమా ఒక్క అమెరికాలోనే నాలుగు కోట్లకు దగ్గరగా రాబట్టింది. పామర్‌గారు ఆ వేషం ఒప్పుకున్నది కళాతృష్ణ కొద్దీ కాదు. కారు మూలపడింది, కొత్తది కొనాలి, డబ్బు కావాలి. ఆవిడే నవ్వుతూ చెప్పుకున్న మాట.

ఆ సినిమాలోనే మంచం కింది నుంచి బాణం మొన కెవిన్ బేకన్ గొంతులోంచి పైకొస్తుంది. పరుపు మీద కనిపించేవాటిలో తల ఒక్కటే ఆయనది, మెడా ఛాతీ రబ్బరువి. ఒళ్లంతా మంచం కింద ముడుచుకుని తల మాత్రం పైకి పెట్టి పడుకున్నట్టు నటిస్తున్నాడు. షాటు నడుస్తుండగా రక్తం పంపు గొట్టం ఊడిపోయింది. ఉన్నది ఒక్క మెడ, అది అప్పటికే చిల్లిపడింది. కింద నక్కిన సహాయకుడు ఆ గొట్టం నోట్లో పెట్టుకుని ఉన్న బలమంతా పెట్టి ఊదాడు. తెరమీద బుడబుడమని ఎగదన్నిన రక్తం అతని ఊపిరి. దీనికి పడిన మార్కులు: 'ఎఫెక్ట్స్ యావరేజ్, 2.25.'

ఇక 1974 నాటి ద టెక్సాస్ చైన్ సా మాసకర్. దీనికి నటన పద్దు కింద ఒకడు ఒకటిన్నర వేశాడు. కారణం: 'హీరోయిన్ ఓవరాక్షన్. అరుపులకి తలనొప్పి.' నవ్వులాటగానే రాద్దామని కూర్చున్నాను గానీ, ఈ వాక్యం దగ్గర నావల్ల కావడం లేదు.

అరిచినమ్మాయి పేరు మార్లిన్ బర్న్స్. టెక్సాస్ ఎండాకాలం. భోజనాల బల్ల దృశ్యం రాత్రిపూట జరగాలి కాబట్టి పగలే కిటికీలన్నీ మూసి నల్లగా కప్పేశారు. లోపల లైట్ల సెగ. అలంకరణకి తెచ్చిన ఎముకలు, బల్ల మీది మాంసం కుళ్లి కంపు కొట్టాయి. బయటికి పరిగెత్తి వాంతి చేసుకుని వచ్చి మళ్లీ నిలబడ్డారు మనుషులు. హంతకుల కుటుంబంలోని తాత వేషం వేసిన కుర్రాడికి ఆ మేకప్పు వేయడానికి గంటలు పట్టింది. మళ్లీ వేయించుకోలేనన్నాడు. దాంతో ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోయేదాకా ఏకబిగిన తీశారు. రంపం పట్టుకున్న హంతకుడి వేషం వేసిన గన్నార్ హాన్సెన్‌కి ఒక్కటే జత బట్టలు, రంగు మారుతుందని వారాల తరబడి ఉతకలేదు. ఆ పిల్ల వేలు కోసి తాత నోట్లో పెట్టాలి. నకిలీ రక్తం గొట్టం పనిచేయడంలేదు. ఎన్నిసార్లు చేసినా రాలేదు. విసిగిపోయిన హాన్సెన్ కత్తి అంచుకున్న టేపు లాగేసి నిజంగా కోసేశాడు. ఆ బొమ్మలో కారుతున్నది ఆ అమ్మాయి రక్తం. ఓవరాక్షనా? ఆ మాట రాయడానికి చేతులెలా వచ్చాయి?

డబ్బంటారా, జీతాలు తగ్గించుకోండి, లాభాల్లో వాటా ఇస్తామన్నారు. సినిమా కోట్లు చేసింది. హాన్సెన్‌కి వచ్చిన మొదటి చెక్కు 47 డాలర్లు. మధ్యలో మింగినవాళ్లు మింగారు. ఆ మింగుడుకి రేటింగు ఏదీ? దోపిడీ అయిదుకి ఎంత? స్క్రీన్‌ప్లే పద్దు ఉంది, బీజీఎం పద్దు ఉంది, మోసం పద్దు ఒక్కటి పెట్టడానికి చోటు లేకపోయిందా?

ఈ సినిమాలన్నీ అద్భుతాలని నేననడం లేదు. ఆడపిల్ల బట్టలూడదీసి, తీరిగ్గా చంపడమే కథనుకున్న సినిమాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. మగాడు కన్నుమూసి తెరిచేలోపు చస్తాడు, ఆడదాని చావు మాత్రం పాట పొడుగున సాగుతుంది. వాటిని తిట్టండి, నోరారా తిట్టండి, సున్నా వేయండి. కానీ అక్కడ మన మహాశయుడి కలం లేవదు. అక్కడ లాజిక్ అడగడు, మెట్లు లెక్కపెట్టడు. 'కిల్స్ బాగున్నాయి' అని మూడున్నర పారేసి పోతాడు. వేలు తెగిన పిల్లకి ఒకటిన్నర!

1982లో ఫ్రైడే ది థర్టీన్త్ మూడో భాగం 3డిలో వచ్చింది. ఆ ప్రసిద్ధమైన హాకీ ముసుగు మొదలైంది అందులోనే. కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నవాడి ముఖం మీదకి యోయో వస్తుంది, పాప్‌కార్న్ ఎగిరొస్తుంది, చివరికి ఒకడి తల నొక్కితే కన్ను ఊడి తిన్నగా మనమీదకే వస్తుంది. కళ్లజోడు లేకుండా మామూలు తెరమీద చూసి మనవాడు రాసింది: 'యోయో ఎందుకో అర్థం కాలేదు. కన్ను నకిలీదని తెలిసిపోతోంది.' వేలు నిజంగా తెగితే ఓవరాక్షన్, కన్ను రబ్బరుదైతే నకిలీ. అయిదుకి అయిదు పడాలంటే అసలు కన్నే పీకి చూపించాలన్నమాట. అంత దీక్ష ఉన్న మహాశయులెవరైనా ముందుకొస్తే, కత్తికి టేపు వేయాలో వద్దో వాళ్లే చెప్పాలి.