పాత క్లబ్బా, సొంత జట్టా: డబ్లిన్‌లో ఒక బావా బామ్మర్దుల వాదం

ఐర్లాండ్‌లో క్రికెట్ సీజన్ ఏప్రిల్ చివర్లో మొదలై సెప్టెంబరుతో సరి. ఆ నెలల్లో డబ్లిన్‌లో ఆట పిచ్చి ఉన్న ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ఒక తగువు తప్పదు. అక్కడి పాత క్లబ్బుల్లో చేరి ఆడాలా, మనవాళ్లతో సొంత క్లబ్బు పెట్టుకోవాలా? ఆ తగువునే ఇక్కడ ఒక బావకీ బామ్మర్దికీ మధ్య పెట్టాను. బావది ఉత్తర డబ్లిన్ తీరంలో ఒక పల్లె క్లబ్బు, చాలా ఏళ్లుగా అక్కడ మూడో జట్టులో ఆడుతున్నాడు. బామ్మర్ది నగరానికి పడమటి వైపు కొత్త కాలనీల్లో ఉంటాడు. స్నేహితులతో కలిసి క్లబ్బు పెట్టాడు, దాన్ని నడపడం కూడా అతని నెత్తి మీదే ఉంది.

బావ: శనివారం మీ మ్యాచ్ అయిపోయాక గ్రౌండ్‌లో ఎవరుంటార్రా?

బామ్మర్ది: ఎవరుంటారు బావా, కాకులుంటాయి. స్టంప్స్ కిట్ బ్యాగులో పడేసి ఎవరి కారు వాళ్లెక్కుతాం. వారమంతా ఆఫీసు, ఉన్న ఒక్క శనివారం ఆటకే పోయింది. ఇంకా లేటయితే మీ చెల్లెలు ఇంట్లోకి రానివ్వదు.

బావ: నా బాధ అదే. మా దగ్గర ఆట అయ్యాకే క్లబ్బు మొదలవుతుంది. ఒకడు బౌండరీ తాడు చుడుతుంటాడు, ఇంకొకడు పిచ్‌కి నీళ్లు పెడుతుంటాడు, ఇద్దరు స్కోరు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని రెండు పరుగుల తేడా ఎక్కడొచ్చిందో వెతుకుతుంటారు. మా జట్టులో పద్నాలుగేళ్ల పిల్లాడున్నాడు, అరవై దాటిన క్యాబేజీ రైతున్నాడు. క్రికెట్ దొరల ఆట అంటారు గానీ రష్, స్కెరీస్, బాల్‌బ్రిగన్ లాంటి ఊళ్లలో దాన్ని నిలబెట్టింది ఇలాంటివాళ్లే. ఇంగ్లండ్‌కు 2019 ప్రపంచ కప్ తెచ్చిన కెప్టెన్ ఓయిన్ మోర్గన్ రష్ క్లబ్బు కుర్రాడే.

బామ్మర్ది: ఆయన కూడా చివరికి ఇంగ్లండ్‌కే పోయాడుగా! సరే, నా సంగతి వినండి. నేనూ మొదట పాత క్లబ్బుకే వెళ్లాను, పేరెందుకులెండి. నాలుగో జట్టు, తొమ్మిదో నంబరు బ్యాటింగు, బౌలింగ్ లేదు. ఓవరు ఓవరుకీ ఈ ఫైన్ లెగ్ నుంచి ఆ ఫైన్ లెగ్‌కి నడక. మ్యాచ్ అయ్యాక బారు. నేను తాగను. కోక్ గ్లాసు పట్టుకుని గోడకానుకుని నిలబడేవాణ్ణి. నన్నెవరూ చెడ్డగా చూడలేదు బావా. అసలు ఎవరూ చూడలేదు.

బావ: మొదటి ఏడు నాకూ అంతే. ఒకరోజు వాన పడింది, అక్కడ పడని రోజేదిలే. అందరూ పెవిలియన్ వైపు పరిగెత్తారు, నేను వెళ్లి కవరు రెండో చివర పట్టుకుని లాగాను. ఆ సాయంత్రం నుంచి నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నారు.

బామ్మర్ది: మన పేరు తెలియాలంటే మనం కవర్లు లాగాలి. వాళ్ల కుర్రాడు లాగకపోయినా వాడి పేరు అందరికీ తెలుసు.

బావ: అబ్బ! మరి సిమీ సింగ్ మాటేమిటి? పంజాబ్ నుంచి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకని వచ్చాడు. డబ్లిన్ పాత క్లబ్బుల్లో ఆడాడు, 2017లో ఐర్లాండ్ జట్టుకెక్కాడు. 2021లో మలహైడ్‌లో దక్షిణాఫ్రికా మీద ఎనిమిదో నంబరులో దిగి 100 నాటౌట్ కొట్టాడు. మ్యాచ్ ఓడిపోయారనుకో, అది వేరే సంగతి.

బామ్మర్ది: అంత ఆట ఉన్నవాడికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది. మీరు తొమ్మిదో నంబరు వాడి సంగతి చెప్పండి.

బావ: చెప్తా. కింది డివిజన్లలో బయటి అంపైర్లు రారు, బ్యాటింగ్ జట్టువాళ్లే ఇద్దరు వెళ్లి నిలబడాలి. మనిషి ఎలాంటివాడో అక్కడే బయటపడుతుంది. పోయిన జూన్‌లో మా మ్యాచ్‌లో కీపర్ చేతికి సన్నటి ఎడ్జ్ వెళ్లింది. మావాడే బ్యాటింగు, మావాడే అంపైరు. చప్పుడు వినపడక తల అడ్డంగా ఊపాడు. బ్యాట్స్‌మన్ ఒక్క క్షణం ఆగి, గ్లవ్స్ విప్పుకుంటూ తనంతట తానే నడిచి వెళ్లిపోయాడు. ఎందుకో తెలుసా? ఆ బౌలర్ ప్లంబరు. వీళ్లింట్లో బాయిలర్ చెడితే వచ్చి బాగుచేసేది అతనే. అదే మీ మ్యాచ్ చూడు, ఒక ఎల్బీడబ్ల్యూ అప్పీలు మీద ఆట ఆగిపోయింది, ఇరవై ఇద్దరూ పిచ్ మీదే!

బామ్మర్ది: ఇరవై ఒక్కరు. ఆ రోజు మావాళ్లు పది మందే వచ్చారు. గొడవ మొదలుపెట్టింది అవతలి పాత క్లబ్బు అని కూడా చూసే ఉంటారు. అది వదిలేయండి. మీ బ్యాట్స్‌మన్‌ది మంచితనం కాదు బావా, మొహమాటం. బౌలింగ్ చేసింది ప్లంబరు కాకుండా నేనైతే నడిచేవాడా?

బావ: నడిచేవాడని ఒట్టు పెట్టలేను. అందుకే ఆ మొహమాటం నీతో కూడా ఏర్పడాలంటున్నాను. మళ్లీ మళ్లీ మొహాలు చూసుకోవాల్సినవాళ్ల మధ్యే ఆట మర్యాదగా సాగుతుంది. నిబంధనల పుస్తకానికి ‘స్పిరిట్ ఆఫ్ క్రికెట్’ అని ముందుమాట 2000లో చేర్చారు. అది చదివి ఎవడూ క్రీజు వదిలి నడవలేదు.

బామ్మర్ది: పుస్తకం మాటెత్తారు కాబట్టి అడుగుతున్నా. 2022 సెప్టెంబరులో లార్డ్స్‌లో మన దీప్తి శర్మ, బంతి వేయకముందే క్రీజు వదిలిన ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ని నాన్ స్ట్రైకర్ ఎండ్‌లో రనౌట్ చేసింది. ఎంత రాద్ధాంతం జరిగింది! వారం తిరిగేసరికి, అక్టోబరు 1 నుంచి, ముందే ప్రకటించిన కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. ఆ అవుటును అన్యాయపు ఆట కింద నుంచి తీసి మామూలు రనౌట్‌లో కలిపేశారు. పోయినేడు మా కుర్రాడు అదే చేశాడు. అవతలి కెప్టెన్ ‘మా దగ్గర ఇలా ఆడం’ అన్నాడు. మా దగ్గరేంటి? లీగు ఒకటే, కట్టే ఫీజు ఒకటే. డబ్బిచ్చి విదేశాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకునేది మాత్రం పాత క్లబ్బులు, స్పిరిట్ క్లాసులు మాకు!

బావ: ముందు ఒకసారి హెచ్చరించాడా?

బామ్మర్ది: లేదు. హెచ్చరించాలని రూల్లో లేదు.

బావ: లేదనుకో. చెప్తే పోయేదేముంది, ఒక్క వికెట్టేగా?

బామ్మర్ది: ఒక్క వికెట్టే. ఆ ఒక్క వికెట్టుకి చేతులు కూడా కలపకుండా వెళ్లిపోవడం ఏ స్పిరిట్టు?

బావ: అది తప్పే.

బామ్మర్ది: పైగా ఐర్లాండ్‌లో క్రికెట్టే ఒకప్పుడు పరాయిది. 1884లో ఐరిష్ వాళ్ల సొంత ఆటల కోసం గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టింది. దాని పెద్దదిక్కు ఆర్చ్‌బిషప్ క్రోక్ క్రికెట్‌ని టెన్నిస్, పోలోల పక్కన విదేశీ ఆటల్లో కట్టేశాడు. క్రికెట్ ఆడినవాణ్ణి గేలిక్ క్లబ్బు నుంచి వెళ్లగొట్టే నిషేధం 1971 దాకా నడిచింది. ఆ బాధ పడ్డవాళ్లకి మా బాధ చెప్పకుండానే అర్థం కావాలి.

బావ: అర్థమైనవాళ్లున్నార్రా. 2025 వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్ల మీద వరసగా దాడులు జరిగాయి. ఇండియా డే ఉత్సవం కూడా వాయిదా వేశారు. ఆ వారాల్లో మా క్యాబేజీ రైతు నన్ను స్టేషన్‌లో దింపి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీదే నిలబడేవాడు. అంతకుముందు అతను నాతో పిచ్ గురించీ వాన గురించీ తప్ప మాట్లాడిందే లేదు.

బామ్మర్ది: మమ్మల్ని దింపేవాళ్లెవరూ లేరు. ఎవరూ ఒంటరిగా ఇంటికెళ్లకూడదని నలుగురేసి కలిసి వెళ్లాం. కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌ని గుమ్మం దాకా దింపాం. ఇల్లు వెతికిపెట్టడం, ఉద్యోగం పోతే రెజ్యూమె తిప్పడం, ఊళ్లో అమ్మకి బాలేదంటే టికెట్‌కి చందాలు వేయడం, ఇవన్నీ మా వాట్సాప్ గ్రూపులోనే జరుగుతాయి. మాకు బారు లేదు గానీ కమ్యూనిటీ లేదని మాత్రం అనకండి.

బావ: అనను. కానీ మీ క్లబ్బులో అండర్ 11 ఉందా? అందరూ ముప్పైయైదు దాటినవాళ్లే. పదేళ్లు పోయాక ఎవరాడతారు?

బామ్మర్ది: పిల్లల్ని ఎక్కడ ఆడించమంటారు? మాకున్నది కౌన్సిల్ పార్కులో ఒక ఆర్టిఫిషియల్ పిచ్, అదీ టైము దొరికితే. 2022 జనాభా లెక్కల్లోనే భారత పౌరులు 45 వేల పైచిలుకు. గ్రౌండ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ క్లబ్బు గ్రౌండ్ ఆదివారం పొద్దున ఖాళీయేగా, మాకిప్పించండి.

బావ: అది కమిటీలో తేలాలి.

బామ్మర్ది: మీ జట్టులో మనవాళ్లు ఎంతమంది?

బావ: ఐదుగురం.

బామ్మర్ది: కమిటీలో?

బావ: ఎవరూ లేరు. నన్నే నిలబడమన్నారు. రాత్రిపూట మీటింగులు, చలికాలంలో లెక్కలు, బారు లైసెన్సు గోల. మీ అక్క ఒప్పుకోలేదు.

బామ్మర్ది: అక్క మీద తోసేయకండి.

బావ: సరే, నేనే బద్ధకించాను. ఈసారి నిలబడతా. కానీ గ్రౌండ్ ఊరికే ఇవ్వరు. రోలర్ తిప్పడానికి, గడ్డి కోయడానికి మీవాళ్లు కూడా రావాలి.

బామ్మర్ది: వస్తాం. కమిటీలో ఒక కుర్చీ మా క్లబ్బుకి వేస్తే వస్తాం. కూలికి మాత్రం రాం.

బావ: కుర్చీ అడగడం బాగానే నేర్చావు. పిల్లల సంగతి తేల్చు. అల్లుడికి ఎనిమిదేళ్లు వచ్చాయి, బ్యాట్ ఎప్పుడు పట్టిస్తావు?

బామ్మర్ది: వాడు... హర్లింగ్‌కి వెళ్తున్నాడు బావా.

బావ: ఏంటీ! ఆ గేలిక్ వాళ్ల కర్రా బంతి ఆటకా!

బామ్మర్ది: స్కూలుకే వచ్చి పేర్లు రాసుకున్నారు. హెల్మెట్ లేదంటే వాళ్లదే ఒకటిచ్చారు. రెండో వారానికి మీ చెల్లెలి పేరు టీ డ్యూటీ లిస్టులో ఉంది, ఎవరూ అడగలేదు, రాసేశారంతే. నన్ను కార్ పార్కింగ్ దగ్గర పసుపు జాకెట్ వేసి నిలబెట్టారు. ఆటలో నాకు ఇప్పటికీ ఒక్క రూలూ తెలియదు.

బావ: మీ అక్కకి తెలుసా?

బామ్మర్ది: మీకంటే ముందే తెలుసు. మీకు చెప్పొద్దంది.

బావ: హర్లింగ్ ఆడే చేతికి పుల్ షాట్ బాగా వస్తుందిరా. బుధవారం సాయంత్రం వాణ్ణి నెట్స్‌కి తీసుకురా.

బామ్మర్ది: ఎవరి నెట్స్‌కి?