జనరల్ గారి జోకు, భార్యకు రాసిన ఉత్తరాలు

1861 జులై చివర్లో, వాషింగ్టన్‌లో అడుగుపెట్టిన ఒకటి రెండు రోజులకే జార్జ్ మెక్లెలన్ తన భార్య ఎలెన్‌కు ఉత్తరం రాశాడు. అప్పటికి అతనికి 34 ఏళ్లు. అమెరికా అంతర్యుద్ధం మొదలైన కొత్తలో, బుల్ రన్ యుద్ధంలో చిత్తుగా ఓడిన యూనియన్ (ఉత్తరాది) సైన్యాన్ని నిలబెట్టమని అధ్యక్షుడు లింకన్ అతన్ని పిలిపించాడు. అధ్యక్షుడు, మంత్రులు, సర్వసేనాని అయిన ముసలి జనరల్ స్కాట్ అందరూ తన మాటకే తలూపుతున్నారని, ఏదో మాయ జరిగినట్టు దేశంలో అధికారమంతా తన చేతికి వచ్చేసిందని అందులో సంబరపడ్డాడు. ఇప్పుడో చిన్న విజయం సాధిస్తే తాను నియంత కూడా కావచ్చన్నాడు. కానీ తనకు అలాంటివి నచ్చవు కాబట్టి కానన్నాడు. చివర్లో, ఎంత మెచ్చదగ్గ త్యాగమో చూడు అని ఒక మెరుపు మెరిపించాడు.

ఈ చివరి ముక్క వదిలేస్తే అది అధికార దాహం. కలిపి చదివితే మొగుడు పెళ్లాంతో ఆడిన పరాచికం. మెక్లెలన్ మీద దాడి చేసేవాళ్లు చాలామంది మొదటి సగాన్నే పట్టుకుంటారు. మన వాట్సాప్ చాట్‌ల స్క్రీన్‌షాట్‌లు బయటికొచ్చినప్పుడూ జరిగేది ఇదే.

ఎలెన్‌కు అతను అంత గొప్పలు ఎందుకు చెప్పుకున్నాడో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆమె ఒక సైనికాధికారి కూతురు. మొదట మెక్లెలన్ పెళ్లి చేసుకుందామంటే వద్దంది. తర్వాత మనసిచ్చింది ఏ.పి. హిల్‌కు. ఈ హిల్ ఎవరో కాదు, వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో మెక్లెలన్ రూమ్మేట్. ఆ సంబంధం ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చక తప్పిపోయింది. చివరికి 1860 మే నెలలో న్యూయార్క్‌లో మెక్లెలన్‌తో పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి హిల్ దక్షిణాది సైన్యంలో, మెక్లెలన్ ఉత్తరాది సైన్యంలో. హిల్ విరుచుకుపడినప్పుడల్లా యూనియన్ సైనికులు ‘అయ్యో నెల్లీ, వాణ్నే చేసుకుని ఉండాల్సింది కదమ్మా’ (నెల్లీ అంటే ఎలెన్ ముద్దుపేరు) అనుకునేవాళ్లని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, ఒకసారి కాదన్న మనిషి ముందు మగవాడు ఎలా రాస్తాడో ఊహించడం కష్టం కాదు.

అందుకే ఆ ఉత్తరాల్లోని డాంబికాన్ని నేను పెద్దగా పట్టించుకోను. పైగా మన చేతికొచ్చినవి అసలు ఉత్తరాలు కూడా కావు. యుద్ధం ముగిశాక జ్ఞాపకాలు రాసుకోవడానికి మెక్లెలన్ స్వయంగా నకలు చేసుకున్న భాగాలు, ఆయన పోయాక కూతురు ఎత్తి రాసినవి మాత్రమే మిగిలాయి. 1885లో ఆయన చనిపోతే, మిత్రుడు విలియం ప్రైమ్ వాటిలో కొన్నిటిని ఘాటు తగ్గించి 1887లో ఆయన జ్ఞాపకాల పుస్తకంలో చేర్చాడు. ఇంత ప్రేమగల భర్త, ఇంత భక్తిపరుడు అని లోకానికి చూపించాలన్నది ప్రైమ్ ఆశ. లోకం చదివింది మాత్రం ఇంకోటి. శత్రువు కూడా మెక్లెలన్‌కు అంత చెరుపు చేయలేదు.

అయితే నా అభ్యంతరం మాటల దగ్గర కాదు. ఆ మాటలు ఇంటి గడప దాటి బయటికొచ్చిన చోటే.

1861 నవంబర్ 13 రాత్రి లింకన్, విదేశాంగ మంత్రి సీవార్డ్, కార్యదర్శి జాన్ హే కలిసి మెక్లెలన్ ఇంటికి వెళ్లారు. జనరల్ ఏదో పెళ్లికి వెళ్లాడంటే ముందుగదిలో గంటసేపు కూర్చున్నారు. మెక్లెలన్ వచ్చాడు. అధ్యక్షుడు వచ్చారని పనివాడు చెప్పినా ఆ గది ముందు నుంచే మేడ మీదికి వెళ్లిపోయాడు. ఇంకో అరగంట చూసి కబురంపితే, పడుకున్నారని జవాబు. హే మండిపడ్డాడు. ఇలాంటి సమయంలో మర్యాదల లెక్కలు చూసుకోకపోవడమే మంచిదని లింకన్ సర్దిచెప్పాడు. అదే నెలలో భార్యకు రాసిన ఉత్తరంలో మెక్లెలన్ లింకన్‌ను గొరిల్లా అన్నాడు. ఆ ముక్క తన మిత్రుడు స్టాంటన్ నోట విని పట్టుకున్నది. అదే స్టాంటన్ రెండు నెలలకే యుద్ధమంత్రి అయ్యాడు, ఆ తర్వాత మెక్లెలన్ ద్వేషించినవాళ్ల జాబితాలో పైకెక్కాడు.

1862 జూన్ 28న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ దగ్గర వెనక్కి తగ్గుతూ మెక్లెలన్ అదే స్టాంటన్‌కు టెలిగ్రామ్ కొట్టాడు. ఈ సైన్యాన్ని బలిపెట్టడానికి మీరు చేయగలిగిందంతా చేశారన్నది దాని సారాంశం. వాషింగ్టన్ టెలిగ్రాఫ్ ఆఫీసులోని అధికారి ఆ వాక్యాలు చదివి, భయపడి, తీసేసి మిగతాది అందించాడు. భార్యతో చెప్పుకునే అక్కసు ప్రభుత్వానికి పంపే సందేశంలోకి వచ్చేసింది. ఉత్తరాలు చదివితే ఆ టెలిగ్రామ్ ఎక్కడ తయారైందో తెలుస్తుంది. చరిత్రకారులకు అవి పనికొచ్చేది అందుకే, గొరిల్లా లాంటి తిట్లు ఏరుకోవడానికి కాదు.

లింకన్‌కు కోపం రాలేదా అంటే వచ్చింది. గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత దక్షిణాది సేనాని లీని వదిలేశాడని తన జనరల్ మీడ్‌కు 1863 జులైలో ఘాటుగా ఉత్తరం రాశాడు. రాసి, పంపకుండా దాచేశాడు.

ఎలెన్ జవాబులు చాలావరకు మన దగ్గర లేవు. ఆమె భర్తను ఎగదోసిందో, నిదానించమందో చెప్పలేం. అసలు ఒక్కసారైనా ఎదురు చెప్పిందేమో. సగం సంభాషణ విని మనిషికి తీర్పు చెప్పడంలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది.

మెక్లెలన్, లీ తలపడ్డ ఆంటీటమ్ యుద్ధం 1862 సెప్టెంబర్ 17న జరిగింది. ఒక్క రోజులో రెండు వైపులా కలిపి దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడడమో, కనబడకుండా పోవడమో జరిగింది. సాయంత్రం లీని కాపాడింది హార్పర్స్ ఫెర్రీ నుంచి పరుగున వచ్చిన హిల్ దళమే. తెల్లారి మెక్లెలన్ భార్యకు రాసింది, తాను అద్భుతంగా పోరాడానని తెలిసినవాళ్లు అంటున్నారని. తనకన్నా చిన్న సైన్యంతో ఎదుట నిలబడ్డ లీ మీద ఆ రోజు మళ్లీ దాడి చేయలేదు. రాత్రికి లీ నది దాటిపోయాడు.

నవంబర్ 7 రాత్రి మెక్లెలన్ డేరాలో ఎలెన్‌కు ఉత్తరం రాస్తుండగా ఇద్దరు జనరల్స్ పదవి నుంచి తొలగిస్తున్న ఉత్తర్వు పట్టుకొచ్చారు. వాళ్లు వెళ్లగానే అదే ఉత్తరం కొనసాగించాడు. తన ముఖంలో ఒక్క నరం కూడా కదలలేదని రాశాడు. వాళ్లు పెద్ద పొరపాటు చేశారని కూడా రాశాడు.