సవరణ: హైబ్రిడ్ టమాటా జన్యుమార్పిడి పంట కాదు

"హైబ్రిడ్ టమాటా, గింజల్లేని పుచ్చకాయ, ద్రాక్ష అన్నీ జన్యుమార్పిడివే" అని మొన్నటి పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాం. అది నిజం కాదు. జన్యుమార్పిడి అంటే వేరే జీవి జన్యువును మొక్కలో పెట్టడం.

మన దేశంలో అనుమతితో రైతులు వాణిజ్యపరంగా వేస్తున్న జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే, 2002 నుంచి. పురుగును చంపే ప్రోటీన్ మొక్కలోనే తయారయ్యేలా బీటీ అనే బ్యాక్టీరియా జన్యువును అందులో పెట్టారు. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది.

హైబ్రిడ్ అంటే ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు అద్ది విత్తనం తీయడమే. గింజల్లేని పుచ్చకాయదీ అదే దారి. తల్లి మొక్కకు 4 సెట్ల క్రోమోజోములు (జన్యువులు ఉండే పోగులు), తండ్రికి 2. పిల్లకు 3 వచ్చేసరికి గింజ కట్టదు. ముక్క కోస్తే కనిపించే మెత్తటి తెల్ల తాలు గింజలు అవే. ద్రాక్షలో థాంప్సన్ సీడ్‌లెస్ పాతకాలపు రకం. కాయ సైజు కోసం గుత్తులను జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల ఎదుగుదల హార్మోన్‌లో ముంచుతారు, ఆ సంగతి వేరు.

పత్తి గింజల నూనె మాత్రం వంటల్లోకి వస్తోంది, అదీ ఎక్కువగా బీటీ పత్తిదే. దానికి టెన్షన్ అక్కర్లేదు, రిఫైన్ చేశాక బీటీ ప్రోటీన్ దాదాపు మిగలదు.

సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లో తయారై 2025లో ప్రకటించిన 'కమల' వరి కూడా ఈ లెక్కలోకి రాదు. అందులో బయటి జన్యువు లేదు, ఉన్నదాన్నే మార్చారు.