వాన్ డె వెల్డ్ మూర్ఖుడూ కాదు, లారీకి ఊరికే దక్కిందీ కాదు

ఫోన్లలో ఒక చిన్న వీడియో తెగ తిరుగుతోంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు, మేజోళ్లు విప్పేసి, నడుము మీద చేతులు పెట్టుకుని వాగులో నిలబడ్డ ఒక గోల్ఫ్ ఆటగాడు కనిపిస్తాడు. కింద రాసిన మాటల సారాంశం ఇది: అతను మామూలు ఆటగాడు, ఒత్తిడి తట్టుకోలేకపోయాడు; మూడు స్ట్రోకుల ఆధిక్యం చేతిలో ఉండి కూడా పొగరుతో అడ్డదిడ్డంగా కొట్టాడు; నీళ్లలో దిగి నవ్వులపాలయ్యాడు; ఆ ఒక్క హోల్‌తో కప్పు పోగొట్టుకున్నాడు; అది ఎవరో అనామకుడికి ఊరికే దక్కింది. ఈ కథ చెప్పి చివర్లో విజయానికి సూత్రాలు కూడా వల్లిస్తున్నారు.

ఆ ఆటగాడు ఫ్రాన్స్‌కి చెందిన జాన్ వాన్ డె వెల్డ్. ఆ వాగు పేరు బారీ బర్న్. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని కార్నూస్టీలో, 1999 జులై 18 సాయంత్రం, బ్రిటిష్ ఓపెన్ చివరి హోల్ దగ్గర తీసిన దృశ్యం అది. వీడియో నిజమైనదే. దాని కింద రాసిన కథే తప్పు. ఆ ఆదివారం ఆటను నేను మళ్లీ మళ్లీ చూశాను, స్కోర్లు ఒక్కొక్కటీ లెక్క చూసుకున్నాను. ఇద్దరు మంచి ఆటగాళ్లకు, వాన్ డె వెల్డ్‌కీ, ఆ కప్పు గెలిచిన పాల్ లారీకీ, ఇందులో అన్యాయం జరుగుతోంది, అందుకే రాస్తున్నాను.

గోల్ఫ్ అంతగా చూడనివారి కోసం రెండు ముక్కలు. బంతిని దూరంగా ఉన్న చిన్న గుంతలో, అంటే హోల్‌లో, వేయాలి. ఈ ఆటలో ఎవరు తక్కువ స్ట్రోకులు, అంటే తక్కువ దెబ్బలు, కొడితే వాళ్లదే గెలుపు. నాలుగు రోజులు, రోజుకి 18 హోల్స్. ఒక్కో హోల్‌ను ఇన్ని స్ట్రోకుల్లో ముగించాలన్న లెక్కను పార్ అంటారు. కార్నూస్టీలో 18 హోల్స్‌కి కలిపి పార్ 71.

ముందుగా, అతను ఒత్తిడికి తట్టుకోలేని మామూలు ఆటగాడన్న మాట చూద్దాం. అతనికి పెద్ద పేరు లేదన్నది నిజమే. అప్పటికి 33 ఏళ్లు, యూరోపియన్ టూర్‌లో ఒకే ఒక్క గెలుపు, అదీ 1993లో రోమ్‌లో. ఈ ఓపెన్‌లో ఆడటానికి కూడా క్వాలిఫయింగ్ దాటి రావాల్సి వచ్చింది. కానీ ఆ వారం కార్నూస్టీ ఎలా ఉందో తెలిస్తే ఎవరూ అతన్ని మామూలు ఆటగాడనరు. ఫెయిర్‌వేలు, అంటే బంతి పడాల్సిన పొట్టి గడ్డి దారులు, బాగా ఇరుకు చేశారు. వాటి పక్కన గడ్డి ఎంత ఏపుగా పెరిగిందంటే, అందులో పడ్డ బంతిని వెతుక్కోవడమే కష్టం. పైన సముద్రపు గాలి. మొదటి రోజు ఆడినవాళ్లందరిలో పార్‌తో సరిపెట్టగలిగింది ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ పాంప్లింగ్ ఒక్కడే. అతను మర్నాడు 86 కొట్టి ఇంటిదారి పట్టాడు. తొలిరోజు అందరికన్నా ముందున్నవాడు రెండో రోజుకే పోటీ నుంచి తప్పుకోవడం ఓపెన్‌లో అదే మొదటిసారి. పందొమ్మిదేళ్ల సెర్గియో గార్సియా 89, 83 కొట్టి, తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. పార్ కన్నా 12 ఎక్కువ కొట్టినవాళ్లకు కూడా శని, ఆదివారాల్లో ఆడే అవకాశం దొరికింది. టైగర్ వుడ్స్ నాలుగు రోజులకు కలిపి పార్ కన్నా పది ఎక్కువ కొట్టాడు, అయినా ఏడో స్థానం పంచుకున్నాడు.

అలాంటి చోట వాన్ డె వెల్డ్ మూడు రోజుల్లో 75, 68, 70 కొట్టాడు. మొత్తం 213, అంటే సరిగ్గా పార్. ఆదివారం పొద్దున అతను అందరికన్నా ఐదు స్ట్రోకులు ముందున్నాడు. ఒక ఫ్రెంచ్ ఆటగాడు ఓపెన్ గెలిచింది ఒకే ఒక్కసారి, 1907లో అర్నో మాసీ. ఆ బరువంతా మోస్తూ చివరి రోజు బరిలోకి దిగాడు. అతనితో కలిసి ఆడుతున్న ఆస్ట్రేలియన్ క్రెయిగ్ పారీ ఒక దశలో అతన్ని దాటేశాడు కూడా. 12వ హోల్‌లో పారీ పార్ కన్నా మూడు ఎక్కువ కొట్టుకున్నాడు, ఫ్రెంచివాడు నిలదొక్కుకున్నాడు. అంటే చివరి హోల్‌కి ముందే ఆధిక్యం పోయింది, తిరిగి తెచ్చుకున్నాడు. 18వ హోల్ దగ్గర నిలబడేసరికి మళ్లీ మూడు స్ట్రోకులు ముందున్నాడు. టెన్షన్‌కి చేతులెత్తేసే మనిషి అక్కడి దాకా వచ్చేవాడే కాదు.

ఇక మొదటి దెబ్బకు అతను వాడిన డ్రైవర్ సంగతి. బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అది. 18వ హోల్ 487 గజాల పొడవు, పార్ 4. బారీ బర్న్ వాగు పాములా మెలికలు తిరుగుతూ దారికి అడ్డుపడుతుంది. ఎడమవైపు హద్దు దాటితే శిక్ష. అతనికి ఆరు స్ట్రోకులు చాలు. అలాంటప్పుడు డ్రైవర్‌తో అంత గట్టిగా కొట్టడమెందుకు, అంత దూరం పోని ఐరన్ అనే క్లబ్‌తో మెల్లగా వెళ్లొచ్చు కదా అంటారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నేను కూడా ఐరనే తీసుకోమనేవాణ్ని. బంతి బాగా కుడికి పోయింది కూడా. కానీ నీళ్లలో పడలేదు. పొడి నేల మీద, కొట్టడానికి వీలైన చోట ఆగింది. ఆ డ్రైవర్ దెబ్బ వల్ల అతనికి ఒక్క స్ట్రోకు కూడా నష్టం కాలేదు. ఓటమికి అదే మూలమనడం కుదరదు.

అసలు వాదన రెండో షాట్ దగ్గర. అక్కడ కాస్త ఆగి చూడాలి.

అతను ఇలా ఆడాల్సింది అంటారు: దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్‌తో ఫెయిర్‌వే మీదికి ఒక చిన్న దెబ్బ, మరో దెబ్బకు వాగు దాటి హోల్ చుట్టూ ఉండే నున్నటి గ్రీన్ మీదికి, అక్కడ తీరిగ్గా మూడు పట్లు, అంటే బంతిని దొర్లించే మెల్లని దెబ్బలు. మొత్తం ఆరు, కప్పు చేతిలో. ఈ లెక్కలో తప్పు లేదు, అదే మెరుగైన దారి అని నేనూ ఒప్పుకుంటాను. అయితే అతను తీసుకున్న నిర్ణయాన్ని పొగరు అనే ముందు అతని ముందు ఏముందో చూడండి. బంతి చక్కగా కూర్చుంది. వాగు దాటడానికి సుమారు 185 గజాలు కొట్టాలి. 2 ఐరన్ దానికి సరిపోతుంది. గ్రీన్ మీదే పడాలని లేదు, వాగు అవతల ఎక్కడ పడినా చాలు. బంతి వాగు దాటింది కూడా! ఈ విషయం ఆ వీడియో పెట్టినవాళ్లెవరూ చెప్పరు. అది కుడికి పోయి ప్రేక్షకుల స్టాండులోకి వెళ్లింది. అక్కడే ఆగి ఉంటే నియమాల ప్రకారం శిక్ష లేకుండా బంతిని తెచ్చి కింద వేసుకునేవాడు, గ్రీన్ పక్కనుంచి మూడో షాట్ ఆడేవాడు. కానీ బంతి స్టాండు ఇనుప కమ్మీకి తగిలింది. వెనక్కి ఎగిరి వాగు గట్టు రాతిగోడ మీద పడింది. అక్కణ్నుంచి మళ్లీ ఎగిరి, వాగుకి ఇవతల, మోకాలెత్తు గడ్డిలోకి వచ్చి పడింది. కమ్మీకి కాస్త పక్కన తగిలి ఉంటే ఈ వీడియోయే ఉండేది కాదు. తెలివి తక్కువ కావడం వేరు, కాలం కలిసిరాకపోవడం వేరు.

మూడో దెబ్బకు ఆ గడ్డి క్లబ్‌ను పట్టేసింది, బంతి వాగులో పడింది.

పట్లకు వాడే పట్టర్ ఒక్కటి పట్టుకుని ఆడినా గెలిచేవాడు అని ఒక జోకు కూడా చెలామణిలో ఉంది. దాన్ని అతనే పరీక్షించాడు. అదే ఏడాది చివర్లో ఒక ప్రకటన కోసం కార్నూస్టీకి తిరిగి వెళ్లి, ఆ హోల్‌ను మొత్తం పట్టర్‌తోనే ఆడాడు. ఆరు స్ట్రోకుల్లో ముగించగలిగాడు, కానీ మూడో ప్రయత్నంలో. జనం లేకుండా, కప్పు పందెంలో లేకుండా ఆడినా మొదటి రెండుసార్లూ కుదరలేదు. ఆ హోల్ ఎంత కఠినమైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు నీళ్లలో దిగిన సంగతి. అందరూ నవ్వేది దీనికే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. ఆ నిమిషానికి అతను మూడు స్ట్రోకులు వాడేశాడు. గెలవాలంటే ఆరులో ముగించాలి. బంతిని బయటికి తీసి వేసుకుంటే ఒక స్ట్రోకు శిక్ష, పైగా మళ్లీ ఆ గడ్డిలోంచే కొట్టాలి. నీళ్లలోంచే కొడితే శిక్ష లేదు, నియమాలు అందుకు ఒప్పుకుంటాయి. బంతి పైభాగం నీటి పైకి కనిపిస్తోంది. అలాంటప్పుడు దిగి దగ్గరగా చూసుకోవడం ఆటగాడి బాధ్యత. దిగాడు, చూశాడు. చూస్తుండగానే బంతి ఇంకా మునిగింది. కొట్టకుండా పైకి వచ్చేశాడు, శిక్ష తీసుకున్నాడు. నిజంగా మతి పోయినవాడైతే నీళ్లలోనే క్లబ్ విసిరేవాడు. ఆ ఫొటోలో ఉన్నది లెక్క వేసుకుంటున్న మనిషి.

ఐదో దెబ్బ గ్రీన్ పక్కన బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడింది. క్రెయిగ్ పారీ బంతి కూడా అదే బంకర్‌లో ఉంది. ముందు పారీ కొట్టాడు, ఇసుకలోంచి నేరుగా హోల్‌లోకి! వాన్ డె వెల్డ్ కూడా అలాగే వేయగలిగితే కప్పు అతనిదే. అతని బంతి హోల్‌కి ఆరేడు అడుగుల దూరంలో ఆగింది. ఆ పట్ వేయలేకపోతే అక్కడికక్కడే ఓటమి. వేశాడు. ఏడు స్ట్రోకులు పూర్తయ్యాయి, మొత్తం 290. పాల్ లారీ, జస్టిన్ లెనార్డ్‌లతో సమానం.

ఆ పట్ గురించి ఎవరూ మాట్లాడరు. అదే వేసవిలో, సుమారు నెల ముందు, జూన్ 17న ఎడ్జ్‌బాస్టన్‌లో క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ చూసినవాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది. క్లూజ్‌నర్, డొనాల్డ్‌ల రనౌట్ అందరికీ గుర్తుంది. మ్యాచ్‌ను అక్కడి దాకా లాక్కొచ్చిన క్లూజ్‌నర్ 16 బంతుల్లో 31 పరుగులు ఎంతమందికి గుర్తున్నాయి?

ఆ ఒక్క హోల్‌తో కప్పు పోయిందన్న మాటా నిలవదు. సమానంగా నిలిచిన ముగ్గురిలో విజేతను తేల్చే నాలుగు హోల్స్ ప్లేఆఫ్ ఇంకా మిగిలే ఉంది: 15, 16, 17, 18. మొదటి హోల్‌లో అతను ఆరు కొట్టి వెనకబడ్డాడు, నిజమే. కానీ 17వ హోల్‌లో బర్డీ చేశాడు, అంటే పార్ కన్నా ఒకటి తక్కువ. వాగులో నిలబడి, ప్రపంచం ముందు అంత అనుభవించిన కాసేపటికే కార్నూస్టీ 17లో బర్డీ! మళ్లీ 18కి వచ్చేసరికి కేవలం ఒక స్ట్రోకు వెనక. పోరాటం అప్పటికీ అయిపోలేదు.

లెనార్డ్ కూడా, ముందు నాలుగు రౌండ్ల ఆటలోనూ తర్వాత ప్లేఆఫ్‌లోనూ, అదే 18వ హోల్‌లో అదే వాగులో బంతి వేశాడు. అతను 1997 ఓపెన్ విజేత. అతన్ని ఎవరూ మూర్ఖుడు అనలేదు.

ఇక ఆ అనామకుడు. పాల్ లారీ స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ మనిషి, అప్పటికి 30 ఏళ్లు, ప్రపంచ ర్యాంకు 159. అతనూ క్వాలిఫయింగ్ ఆడే వచ్చాడు. కానీ 1993 ఓపెన్‌లో చివరి రోజు 65 కొట్టి ఆరో స్థానం పంచుకున్నవాడు. 1999 మొదట్లోనే ఖతార్ మాస్టర్స్ గెలిచాడు. తర్వాత 2001లో డన్‌హిల్ లింక్స్, 2012లో మళ్లీ ఖతార్. అదే 2012లో 43 ఏళ్ల వయసులో యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్ ఆడి, అమెరికాలోని మెడైనాలో బ్రాంట్ స్నెడెకర్‌ను ఓడించాడు. ఊరికే వచ్చిన కప్పుతో ఇవన్నీ రావు.

ఆదివారం పొద్దున లారీ పది స్ట్రోకులు వెనకున్నాడు. అంత వెనకనుంచి వచ్చి, గోల్ఫ్‌లో మేజర్లు అనే నాలుగు అతి పెద్ద పోటీల్లో దేనిలోనూ చివరి రోజు గెలిచినవాడు అంతకుముందు లేడు, ఇప్పటికీ ఇంకొకడు లేడు. ముందున్నవాడు తడబడితేనే ఇది సాధ్యమన్నది నిజం. కానీ ముందున్నవాడు తడబడితే లాభపడటానికి వెనక ఎవరో ఒకరు 67 కొట్టి ఉండాలి. ఆ కోర్సు మీద, పార్ కన్నా నాలుగు తక్కువ! పారీకీ, కాబ్రెరా అనే మరో ఆటగాడికీ కూడా అదే అవకాశం ఉంది, ఇద్దరూ 291 దగ్గర ఆగిపోయారు.

ప్లేఆఫ్‌లో 17వ హోల్‌లో లారీ కూడా బర్డీ చేశాడు. చివరి హోల్‌కి ఒక స్ట్రోకు ముందున్నాడు. వెనక ఇద్దరు కాచుకుని ఉన్నారు. ముందు అదే బారీ బర్న్. రెండో షాట్‌కి గ్రీన్ ఇంకా 220 గజాల పైచిలుకు దూరంలో ఉంది. వాగుకి ఇవతల ఆపి ఆడినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. లారీ 4 ఐరన్ తీసుకున్నాడు. వాన్ డె వెల్డ్ 2 ఐరన్‌తో చేసిన ప్రయత్నమే అతనూ చేశాడు. బంతి వాగు దాటి, గ్రీన్ మీద పడి, జెండాకి మూడు నాలుగు అడుగుల దగ్గర ఆగింది.